ఒళ్ళు వంచినవాడి నడుము



సంధులు, సమాసాలు, నిఘంటువుల గొడవ తప్ప వేరొకటి పట్టని ఈ ముసలి పంతులు ఇవాళ ఇంజను నూనె వాసన మోసుకొచ్చాడేమిటని విస్తుపోకండి. నా దారి నేను విడవలేదు. ఒక జాతీయం గురించే ఈ టపా. కాకపోతే ఆ జాతీయం అర్థం నాకు ముప్పై అయిదేళ్ళ తరగతిగదిలో తెలియలేదు, ఒక మెకానిక్కు షెడ్డులో, బానెట్టు ఎత్తిన నా పాత కారు పక్కన తెలిసింది.

"ఒళ్ళు వంచి పనిచేయడం" అంటాం. కష్టజీవికి మన భాష ఇచ్చిన కితాబు అది. సోమరిని "వీడి నడుం వంగదు" అని ఈసడిస్తాం. ఏదైనా సాధించదలచినవాడు నడుం కడతాడు, బిగిస్తాడు. ఇక నడుం వాల్చేవాడు మనకు కొంచెం లోకువే. నడుము, నడుమ అన్నవి ఒకే కుదుట పుట్టిన మాటలు. దేహానికి నడుమ ఉన్నది కనుక నడుము. పైసగాన్నీ కింది సగాన్నీ కలిపి నిలబెట్టే ఆ ఒక్క చోటును వంచడమే సద్గుణమని మన పలుకుబడి ఎన్ని తరాలుగా నూరిపోస్తున్నదో! నేనూ నూరిపోసినవాడినే. "ఒళ్ళు వంచరా, చదువు వస్తుంది" అని ఎందరికి చెప్పానో లెక్క లేదు.

అలా చెప్పించుకున్నవారిలో ఒకడు ఇప్పుడు మా ఊళ్ళో కార్లు బాగుచేస్తాడు. పదవ తరగతి తప్పి, ఒక షెడ్డులో హెల్పరుగా చేరి, పానాలు అందిస్తూ అందిస్తూ పని నేర్చి, సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. చేతిలో విద్య ఉన్నది, మాటలో మర్యాద ఉన్నది. నా కారుకు ఏ జబ్బు చేసినా అతడి దగ్గరకే తీసుకుపోతాను.

కిందటి వేసవిలో ఇంజను మాటిమాటికీ కాగిపోతున్నదని తీసుకుపోయాను. వాటర్ పంపు కారుతున్నదని తేల్చాడు. పాతబడిన బండి, పాతబడిన పంపు, ఎవరి తప్పూ లేదు. మడ్‌గార్డు మీద బోర్లా వాలి పొట్ట ఆనించి, రెండు చేతులూ లోపలికి దూర్చి, ఒక పాదం నేలకు అందీ అందకుండా పని మొదలుపెట్టాడు. నేను స్టూలు మీద కూర్చొని పత్రిక తిరగేస్తున్నాను. అరగంట తరవాత అతడు కిందికి జారినప్పుడు కీచుమన్న చప్పుడు వినబడింది. లేచి చూస్తే మడ్‌గార్డు మీద జానెడు పొడవున తెల్లటి గీత. అతడి బెల్టు బకిలు గీసిన గీత.

నాకు కోపం వచ్చింది. ఆ కారును పదహారేళ్ళుగా నా చేతులతో తుడుచుకుంటున్నాను. "కొండనాలుకకు మందు వేయమంటే ఉన్న నాలుక ఊడగొట్టావేమిరా!" అన్నాను. నలుగురు కస్టమర్లు, ఒక హెల్పరు కుర్రవాడు చూస్తుండగా అన్నాను. బడిలో అక్షరదోషం పట్టుకున్నప్పటి గొంతే అది.

"తప్పయింది మాస్టారూ, పాలిష్ పట్టిస్తాను" అంటూ అతడు నిటారుగా నిలబడబోయాడు. నిలబడలేకపోయాడు. ఒక చేత్తో బానెట్టు అంచు పట్టుకొని, రెండవ చేయి నడుము మీద వేసుకొని, మూడు విడతలుగా లేచాడు. మొదటి విడతకు మోకాళ్ళు, రెండవ విడతకు తొడలు, మూడవ విడతకు వీపు. ఆ లేవడం చూశాక గీత సంగతి మరిచిపోయాను.

తరవాత టీ తాగుతూ మెల్లగా చెప్పాడు. నాలుగేళ్ళుగా అంతేనట. పొద్దున్నే చెప్పులు తొడుక్కోవడానికి గోడ పట్టుకోవాలి. ఎడమ కాలిలోకి మంటలాగా దిగుతుంది. వంగే పని మానుకోమన్నాడట డాక్టరు. "వంగకుండా ఇంజను ఎలా విప్పుతాం మాస్టారూ? మడ్‌గార్డు మీద పొట్ట వేసి పడుకుంటే నడుముకు కాస్త తేలిక. అందుకే అలా వాలాను. బెల్టు సంగతి తోచలేదు."

ఇప్పుడు చెప్పండి, ఆ గీతకు కారణమేమిటి? అజాగ్రత్త అని నేను తీర్పు చెప్పాను. నొప్పి అని అతడి నడుము చెప్పింది. నడుముకు ఆసరా దొరకక మనిషి కారు మీద వాలాడు, కారుకు రక్షణ లేక ఆ వాలినచోట రంగు లేచింది. నా అభిప్రాయం ఒక్కటే, దాన్ని చెప్పడానికే ఈ టపా: ఇంజను పనిలో మనిషి ఒంటికి తగిలే దెబ్బ, కారు రంగుకు తగిలే దెబ్బ ఒకే చోట పుడతాయి. ఒకదాన్ని ఆపే ఏర్పాటే రెండవదాన్నీ ఆపుతుంది. అయినా మనం రంగు గురించి అరుస్తాం, నడుము గురించి అడగం.

ఆ రాత్రి కొంత చదివాను. వృద్ధాప్యంలో అంతర్జాలం చేసిన మేలు అది, ఏ అనుమానం వచ్చినా తెల్లవారే వరకు ఆగనక్కరలేదు. స్వీడన్ దేశపు ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960, 70 దశకాలలో మనుషుల వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ళలోకి సూది దించి, ఏ భంగిమలో దానిపై ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచాడు. నిటారుగా నిలుచున్నప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, ముందుకు వంగి నిలుచుంటే అది 150 దాకా పెరిగింది. వంగి, చేతిలో బరువు కూడా పట్టుకుంటే 220. మన "ఒళ్ళు వంచడానికి" అంకెల్లో అర్థం ఇది.

అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ 1991లో సవరించిన బరువుల సూత్రం కూడా చూశాను. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు ఒంటికి ఆనుకొని, నడుము ఎత్తున, మెలి తిరగనక్కరలేకుండా ఉన్నప్పుడు, రెండు చేతులతో ఎత్తదగినది 23 కిలోలు. ఆ బరువు కాలి చీలమండల నుంచి అర మీటరు దూరం జరిగితే ఆ మేర సగానికి, అంటే పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. మడ్‌గార్డుకు అవతల, ఇంజను గదిలో మూలన ఉన్న బ్యాటరీ మనకెంత దూరమో ఒకసారి చేయి చాచి చూసుకోండి. చిన్న కారు బ్యాటరీయే పది కిలోల దరిదాపుల్లో ఉంటుంది, డీజిలు బండిది అంతకన్నా బరువు. చేతులు చాచి, ఒళ్ళు మెలితిప్పి దాన్ని పైకి లాగే హెల్పరు కుర్రవాడు ఎంత ఎత్తుతున్నాడో ఆ షెడ్డులో ఎవరూ లెక్క వేయరు. బ్యాటరీ జారి మడ్‌గార్డుకు తగిలితే మాత్రం వెంటనే లెక్క వేస్తారు.

ఇక రంగు సంగతి. ఈ కాలపు కారు రేకు మీద ప్రైమరు, రంగు, దానిపై మెరుపు పూత అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెడితే అంత. ఆ పాటి పొరకు బెల్టు బకిలు, చేతి గడియారం, ఉంగరం, జేబులో స్క్రూడ్రైవరు, ప్యాంటు జిప్పు, అన్నీ గునపాలే. అన్నిటికన్నా మోసకారి దుమ్ము. పొడిగుడ్డతో తుడిస్తే ఆ దుమ్మే ఉప్పుకాగితమై గీస్తుంది. గీతలకన్నా ద్రవాలు ప్రమాదం. బ్రేకు ద్రవం పడితే రంగు మెత్తబడి పొంగి లేచిపోతుంది. బ్యాటరీలోని పల్చటి గంధకామ్లం రంగునూ తింటుంది, చొక్కానూ తింటుంది, చర్మాన్నీ వదలదు.

ఈ చదువంతా మూటగట్టుకొని మర్నాడు షెడ్డుకు వెళ్ళాను. నోటి క్షమాపణ చాలదనిపించి, ముందు ఇంట్లోని పాత బొంత ఒకటి తీసుకొని దర్జీ దగ్గరకు పోయాను. మడ్‌గార్డు మీదుగా చక్రం దాకా వేలాడేటట్లు కొలత ఇచ్చి, రంగుకు తగిలే వైపు మెత్తటి నూలుగుడ్డ, పైవైపు రెక్సిను వేసి కుట్టమన్నాను. నూలుగుడ్డ గీయదు. మధ్యలోని బొంత రొమ్ముకూ పొట్టకూ మోకాలికీ మెత్తగా ఆసరా ఇస్తుంది. రెక్సిను నూనెను, బ్రేకు ద్రవాన్ని లోపలికి ఇంకనివ్వదు. రెక్సిను లేని ఉత్త బొంత పనికిరాదు. ద్రవాన్ని పీల్చుకొని రంగుకు అద్దిపెట్టిన కట్టులాగా పట్టి ఉంచుతుంది, రక్షించవలసినదే చెరుపుతుంది.

వడ్రంగి చేత జానెడు ఎత్తున, ఇద్దరు మోయగల వెడల్పాటి పీట ఒకటి చేయించాను. పొట్టివాడు దానిమీద నిలుచుంటే ముని వేళ్ళ మీద లేవనక్కరలేదు, లోపలికి చేయి అందుతుంది. పొడగరికి మాత్రం అది శత్రువు, ఇంకా ఎక్కువ వంగవలసి వస్తుంది. అతడు నేలమీదనే ఉండి, ఒక పాదం మాత్రం పీట మీద పెట్టుకుంటే నడుముకు ఊరట. అందరికీ ఒకే పీట సరిపోదన్న చిన్న సత్యం మాకు మూడు రోజుల తంటాలు పడ్డాక గానీ తెలియలేదు.

అతడూ నేనూ కలిసి కొన్ని పద్ధతులు అనుకున్నాం. ఇంటి దగ్గర సొంతంగా కారు విప్పే సాహసులు మన మిత్రులలోనూ ఉన్నారు కనుక వివరంగా రాస్తున్నాను.

బానెట్టు ఎత్తకముందే బెల్టు, గడియారం, ఉంగరం తీసేయాలి, లేదా బకిలు పక్కకు తిప్పి పైన ఏప్రాను కట్టుకోవాలి. పై జేబు ఖాళీ చేయాలి. మడ్‌గార్డు మీద నీళ్ళు పోసి దుమ్ము కడిగాకనే బొంత పరవాలి, లేకపోతే బొంత కింద దుమ్ము నలిగి గీతలు పడతాయి. పానాలు బొంత మీద పెట్టకూడదు, జారుతాయి. పక్కన నడుము ఎత్తున ఒక బల్ల ఉంటే ప్రతి పానాకూ నేలకు వంగే పని తప్పుతుంది. ఒక ఇంజను పనిలో మెకానిక్కు పానాల కోసమే ఎన్నిసార్లు వంగుతాడో ఒక పూట కూర్చొని లెక్కపెట్టాను, వందకు దగ్గరలో లెక్క మరిచాను.

వంగక తప్పనప్పుడు ఒక చేయి రేడియేటరు పైనున్న గట్టి అడ్డపట్టీకి ఆనించి, రెండవ చేత్తో పని చేయాలి. ఆనించిన చేయి నడుము భారాన్ని కొంత మోస్తుంది. పది పదిహేను నిమిషాలకొకసారి లేచి వెనక్కి విరుచుకొని, నాలుగడుగులు వేయాలి. బిగిసిన నట్టును ఒళ్ళు మెలితిప్పి లాగకుండా, పొడుగాటి పిడి తగిలించి, పాదాలు అటు తిప్పి నిలుచొని లాగాలి. నట్టు ఒక్కసారిగా వదిలినప్పుడు పిడికిలి పోయి మడ్‌గార్డుకు తగులుతుంది. తోలు ఊడుతుంది, రంగూ ఊడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ వైపు నుంచి పని చేయాలో ముందే ఆలోచించడం. ఇంజను అడ్డంగా అమర్చిన చిన్న కార్లలో బెల్టు వైపు పనులు చాలావరకు చక్రం విప్పి, పక్కనుంచి, పొట్టి స్టూలు మీద కూర్చొని చేసుకోవచ్చు. నా వాటర్ పంపు పని అటువంటిదే. అరగంట పైనుంచి వేలాడి గీసుకున్న గీత, చక్రం విప్పితే పడేదే కాదు. అయితే చక్రం విప్పినప్పుడు కారును కేవలం జాకీ మీద నమ్మకూడదు. గట్టి నేల మీద స్టాండు పెట్టి, దానిమీద బరువు దించాకనే చేయి లోపల పెట్టాలి. ఈ ఒక్క మాటలో మాత్రం సడలింపు లేదు, జాకీ జారితే పోయేది రంగు కాదు.

బానెట్టు పూర్తిగా విప్పవలసి వస్తే ఇద్దరు ఉండాలి. కీళ్ళ చుట్టూ ముందే గీసి గుర్తు పెట్టుకొని, నాలుగు మూలలా గుడ్డ అడ్డం వేసుకొని దించాలి. ఒక్కడే ఎత్తబోతే నడుము, అద్దం, రంగు మూడూ ఒకేసారి ప్రమాదంలో పడతాయి. ఇంజను దించాలంటే చైన్ బ్లాకే, భుజబలం కాదు. బ్రేకు ద్రవం చింది పడితే రుద్దకుండా వెంటనే ధారాళంగా నీళ్ళు పోయాలి, అది నీటిలో కలిసిపోయే గుణం కలది. బ్యాటరీ ఆమ్లం పడితే నీళ్ళు పోసి, వంటసోడా కలిపిన నీళ్ళతో విరిచి, మళ్ళీ కడగాలి.

ఇవేవీ కొత్త సంగతులు కావు, పెద్ద సర్వీసు కేంద్రాలలో ఇవి ఉండనే ఉన్నాయి అని కొందరు మిత్రులు అనవచ్చు. నిజమే. కారును మనిషి ఎత్తుకు లేపే యంత్రాలు అక్కడ ఉన్నాయి. కానీ మన పాత కార్లు పోయేది రేకుల షెడ్డుకే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ విభాగంలోనే, గాయపడేటంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని రాశారు. అయితే కరెంటుతో నడిచే చోట పదిమంది పనివారున్నప్పుడు గానీ ఆ చట్టం కింద అది ఫ్యాక్టరీ అయ్యేది కాదు. యజమాని, ఒక హెల్పరు, ఒక కుక్క ఉన్న షెడ్డుకు ఆ చట్టం గొడుగు పట్టేది కాదు. అక్కడ గొడుగు పట్టవలసినది కస్టమరు, అంటే మనం.

నా శిష్యుడు చెప్పిన అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. "మాస్టారూ, చక్రం విప్పి, స్టాండు పెట్టి, బొంత పరిచి మొదలుపెడితే ఇరవై నిమిషాలు పోతాయి. ఆ ఇరవై నిమిషాలకు ఎవరు డబ్బులిస్తారు? తొందరగా ఇవ్వు, తక్కువకు ఇవ్వు అనేవాళ్ళే గానీ, మెల్లగా చేయి అన్నవాడిని ఇరవై ఏళ్ళలో చూడలేదు."

దీనికి నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేకపోయింది. తరవాత ఆలోచించాను. మడ్‌గార్డు గీసుకుంటే టింకరింగు, పెయింటింగు అని వేలు ఖర్చు పెడతాం. ఆ గీత పడకుండా ఉండటానికి ఇరవై నిమిషాల కూలి ఇవ్వడం దానం కాదు, లెక్క తెలిసినవాడి పని. ఇంకొక లెక్క ఉన్నది, అది కస్టమరుకు కనబడదు. నలభై అయిదేళ్ళకు నడుము పడిపోయిన మెకానిక్కు, చేతిలో ఇంకా ఇరవై ఏళ్ళ విద్య ఉండగానే ఇంట్లో కూర్చుంటాడు. అతడితోపాటు అతడు చెవితో విని ఇంజను జబ్బు చెప్పే నేర్పూ కూర్చుంటుంది. ఆ నష్టం ఏ బిల్లులోనూ రాదు.

అందుకని నా మనవి. కారు ఇచ్చేటప్పుడు ఎంతవుతుందని అడిగినట్లే, బొంత ఉన్నదా, స్టాండ్లు ఉన్నాయా, మంచి దీపం ఉన్నదా అని అడుగుదాం. అరగంట ఆలస్యమైనా పరవాలేదని మన నోటితో చెబుదాం. బిల్లులో ఆ అరగంటకు బేరమాడకుండా ఉందాం. ఐటీఐలలో రెండేళ్ళ మోటారు మెకానిక్కు చదువు ఉన్నది. అక్కడ పాఠం చెప్పే ఉపాధ్యాయ మిత్రులెవరైనా ఇది చదివితే, ఎలా నిలబడాలన్నది పానా పట్టించకముందే నేర్పమని వేడుకుంటున్నాను. షెడ్డులో నేర్చుకునేవాడికి గురువు ఒంటి తీరే పాఠం. మా షెడ్డులోని హెల్పరు కుర్రవాడికి పద్దెనిమిదేళ్ళు. గురువులాగే మడ్‌గార్డు మీద బోర్లా వాలడం అప్పటికే నేర్చేశాడు, గురువులాగే నడుము మీద చేయి వేసుకొని లేవడం నవ్వులాటకు అభినయిస్తున్నాడు. ఆ అభినయం నిజం కావడానికి పాతికేళ్ళు పట్టదు.

ఇంతకూ జాతీయం సంగతి. దాన్ని నిఘంటువులోనుంచి తీసేయమని నేను అనను, పలుకుబడిని పంతుళ్ళు తీసేయలేరు. కానీ "వ్యాపారం నడ్డి విరిగింది" అని సొమ్ము పోయినప్పుడు అనుకునే మనం, నిజంగా నడ్డి విరిగినవాడి ముందు నిలబడి ఒళ్ళు వంచమనే మెప్పుతోనే సరిపెట్టకూడదు కదా. నా వరకు నేను ఇక పిల్లలకు ఆ మాట చెప్పదలచుకోలేదు. మా మనుమడు హోంవర్కు చేస్తుంటే మొన్న అలవాటుగా నోటిదాకా వచ్చింది. "వీపు నిటారుగా పెట్టి రాయరా" అన్నాను. వాడికి తేడా తెలియలేదు, నాకు తెలిసింది.

నా కారు మీద గీత అలాగే ఉన్నది. పాలిష్ పట్టిస్తానని అతడు ఇప్పటికీ అంటాడు, నేను వద్దంటాను. మొన్న నూనె మార్పించడానికి వెళితే అతడు మరిచిపోయి అలవాటు చొప్పున మడ్‌గార్డు మీదకు వాలబోయాడు. హెల్పరు కుర్రవాడు కాలితో పీట ముందుకు తోసి, "అన్నా, బొంత" అన్నాడు.

మీ ఊళ్ళలో ఇంతకన్నా మంచి పద్ధతులు పాటించే షెడ్లు ఉంటే, లేదా నేను రాసినదానిలో పొరపాటు ఉంటే, దయచేసి వ్యాఖ్యలో తెలియజేయండి. మా శిష్యుడికి చదివి వినిపిస్తాను.

సెలవు.